మడతతెర: గోడ లేని చోట మరుగు

రుద్రారము గ్రామము చెంతనుండి పోవు 65వ జాతీయ రహదారి పుణే నగరమున బయలుదేరి, షోలాపూరు, జహీరాబాదు, సంగారెడ్డి, పటాన్‌చెరువుల మీదుగా హైదరాబాదు చేరి, అటనుండి విజయవాడ దాటి తుదకు మచిలీపట్టణమున ముగియుచున్నది. ఈ దారి తూర్పు కొసన ఉన్న సముద్రతీరము పేరు ప్రపంచములోని పెద్ద వస్తుప్రదర్శనశాలలలోను, వేలముశాలల పట్టికలలోను ఒక విలువైన గృహోపకరణమునకు తగిలియున్నది. దానిని 'కోరమాండెల్ తెర' అందురు. అది పలకలు పలకలుగా మడిచి మూలకు చేర్చుటకు వీలైన తెర. ఇక ఇదే దారిమీద, రుద్రారమువంటి ఊళ్ళలో, ఫ్యాక్టరీ పనులకు వచ్చి ఒకటి రెండు గదుల అద్దె యిండ్లలో కాపురముండు కుటుంబములకు అట్టి తెర అవసరము నేడు ఎంతయో కలదు. పేరు మన తీరమునది, అవసరము మన ఊరిది అయియుండగా, ఆ వస్తువు మాత్రము మన యిండ్లలో అరుదుగా కనబడుటకు కారణమేమి? పాత మడతతెర దొరికినచో దానిని ఎట్లు పరీక్షింపవలెను? దొరకనివారు ఏమి చేయవచ్చును? ఈ ప్రసంగములో శ్రోతలకు మనవి చేయదలచిన విషయములివి.

తెర అను వస్తువు మనకు కొత్తది కాదు. తడిక, దడి, పరదా, కనాతు, వెదురు చిక్, వట్టివేళ్ళ తట్టి మున్నగునవన్నియు తెరయొక్క రూపములే. తడిక గాలిని ఆపక చూపును ఆపును. వెదురు చిక్ లోపలివారికి వీథిని చూపుచు, వీథిలోనివారికి లోపలిభాగమును మరుగుపరచును. వట్టివేళ్ళ తట్టిని తడిపి ద్వారమునకు కట్టినచో వేసవిగాలి చల్లబడి లోనికి వచ్చును. కనాతు గుడ్డతో గుడారమునకు గోడయగును. ఇన్ని తెరలు గల మనకు, కర్రచట్రముల మీద నిలిచి, కీళ్ళవద్ద మడతపడు తెర మాత్రము ఏల అలవాటు కాలేదు? దీనికి మన పాత యిండ్ల కట్టుబడియే సమాధానము చెప్పును. మండువా లోగిలిలో నడుమ ఆకాశము కనబడు చోటు, చుట్టును వసారాలు, వాని వెనుక గదులు ఉండును. ఎవరికి కావలసిన మరుగు వారికి గోడలవలననే లభించినది. హైదరాబాదు దేవిడీలలో మగవారి భాగమునకు మర్దానా అనియు, ఆడవారి భాగమునకు జనానా అనియు పేర్లు. రెంటికిని వేరువేరు ఆవరణలే ఉండెను. ద్వారమునకు పరదా వ్రేలాడగట్టుటతో పని జరిగినది. ఇక పేదవాని ఒంటి నిట్టాడి గుడిసెలో చీర అడ్డముగా కట్టుటయే తెర. ఈ కారణమున, నేలమీద తనంతట తాను నిలువబడు తెరతో మనకు పని కలుగలేదు.

చైనాలో పరిస్థితి వేరు. అచ్చటి పెద్ద యిండ్లలో విశాలమైన కొలువుకూటములు ఉండెను. చలిగాలి బాధ అధికము. తెరకు వారు పెట్టిన పేరునకే గాలిని అడ్డునది అని అర్థము. చైనా దేశములో చాంగ్‌షా నగరము చెంత మావాంగ్‌దుయి అనుచోట 1972లో త్రవ్విన సమాధిలో లక్కపూత పూసి చిత్రించిన ఒంటిపలక తెర యొకటి దొరకినది. ఆ సమాధి క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దికి చెందినది. యజమాని ఆసనమునకు వెనుకగా తెర నిలుపుట అచ్చట గౌరవచిహ్నము. అనగా తెర గాలిని ఆపుటయేగాక, గదిలో ముఖ్యమైన చోటు ఏదియో కూడ తెలియజేసినది.

అచ్చటినుండి కొరియాకును, జపానునకును ఈ విద్య వ్యాపించెను. క్రీ.శ. 686లో కొరియాలోని సిల్లా రాజ్యము జపాను ప్రభువునకు పంపిన కానుకలలో తెరలున్నట్లు జపాను ప్రాచీన చరిత్ర గ్రంథము చెప్పుచున్నది. నారా నగరములోని షోసోయిన్ భాండాగారమున 8వ శతాబ్ది నాటి తెరల పలకలు నేటికిని భద్రముగా ఉన్నవి. జపాను భాషలో మడతతెరకు 'బ్యోబు' అని పేరు. దానికిని గాలికి అడ్డు అనియే అర్థము. ఈ మాటయే పోర్చుగీసు, స్పానిష్ భాషలలోనికి 'బియోంబో' అయి చేరినది.

జపానువారు తెర చరిత్రలో చిన్నదిగా తోచునట్టి గొప్ప మార్పు నొకదానిని స్వీకరించిరి. మొదట ఒక్కొక్క పలకకు విడిగా చట్రము కట్టి, పలకలను త్రాళ్ళతోనో తోలుముక్కలతోనో జతపరచెడివారు. రెండు పలకల నడుమ సందు కనబడుచుండుటచే చిత్రము ముక్కలు ముక్కలుగా ఉండెడిది. 14వ శతాబ్ది నాటికి కాగితపు కీళ్ళు వాడుకలోనికి వచ్చెను. ఒక పలక ముందువైపు నుండి ప్రక్క పలక వెనుకవైపునకును, దాని క్రింద మరియొక పట్టీ వెనుకనుండి ముందునకును, ఇట్లు మార్చి మార్చి అతికించినచో పలక రెండువైపులకును మడతపడును. సందు కూడ కనబడదు. అందువలన ఆరు పలకలమీద ఒకే నది ప్రవహించునట్లు, ఒకే చెట్టు కొమ్మ సాగునట్లు చిత్రించుటకు వీలు కలిగినది. ఈ కీలు సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను; తరువాత మన నవారుతో దీనినే చేసికొనవచ్చునని చెప్పవలసి యున్నది.

ఇక మన తీరము పేరు గల తెర సంగతి. చోళమండలమను మాటయే ఐరోపావారి నోట కోరమాండెల్ అయినదని పండితులు చెప్పుదురు. తమిళదేశపు తీరమునుండి కృష్ణానది ముఖద్వారము వరకు గల తూర్పుతీరమును కంపెనీలవారు ఈ పేరుతో వ్యవహరించిరి. గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ముఖ్యమైన రేవు మచిలీపట్టణము. డచ్చివారు 17వ శతాబ్ది మొదటి దశకములోను, ఇంగ్లీషువారు 1611లోను అచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. ఆ శతాబ్దమందే చైనాలో ఒక క్రొత్తరకపు తెర తయారగుచుండెను. మెత్తని కర్ర పలకలమీద మట్టి, నార మున్నగువానితో మందముగా గచ్చుపూత వేసి, దానిపై నల్లనిదో ముదురు గోధుమరంగుదో అగు లక్కను పొరలు పొరలుగా పూసి, ఆరిన పిమ్మట చిత్రము గీసిన మేర లక్కను గచ్చువరకు చెక్కివేసి, ఆ పల్లములలో రంగులు నింపుట దాని పద్ధతి. సాధారణముగా ఒక్కొక్క తెరకు 12 పలకలు. ఎత్తు 8, 9 అడుగులు. విప్పినచో పొడవు ఇంచుమించు 20 అడుగులు. పదవిలో ఉన్న పెద్దలకు జన్మదినమునకో, ఉద్యోగవిరమణకో కానుకగా ఇచ్చుటకు ఇట్టివానిని చేయించెడివారు. ముందు అంతఃపుర దృశ్యమో, కొండల మీది దేవతలో. వెనుక కానుకయిచ్చినవారి పేర్లతో కూడిన అభినందనవాక్యములు.

ఈ తెరలు ఐరోపాకు పోవు ఓడలు మన తూర్పుతీరపు రేవులలో సరకు మార్చుకొనెడివి. అందుచే చైనాలో తయారైన వస్తువునకు, దారిలోని మజిలీ పేరు స్థిరపడిపోయినది. అదే వస్తువునకు జావాద్వీపములోని బాంటమ్ రేవు పేర 'బాంటమ్ పని' అను నామాంతరము కూడ ఉండెను. కనుక కోరమాండెల్ తెర అను పేరు విని ఎవరైనను దానిని ఆంధ్రుల లేక తమిళుల పనితనమని భ్రమపడరాదు. రేవు తన పేరును ఎరువిచ్చినది, అంతే.

ఐరోపాకు చేరిన తరువాత ఆ తెరలకు జరిగిన అన్యాయము పాతవస్తువుల యెడ ఆసక్తి గలవారందరు తెలిసికొనదగినది. అచ్చటి వడ్రంగులు ఎన్నింటినో రంపముతో కోసి, పెట్టెలకు, అద్దముల చట్రములకు, గోడల పలకలకు వాడిరి. పలక రెండు ముఖముల యందును చిత్రములుండుటచే, మందమును మధ్యగా చీల్చి రెండు వస్తువులు చేసిన సందర్భములును కలవు. ముక్కలను అతుకునప్పుడు చిత్రపు పొందిక చూడక, మనుష్యులను తలక్రిందులుగా, కొండలను అడ్డముగా బిగించుటయు జరిగినది. లక్కపని గూర్చి 1688లో ఇంగ్లండున అచ్చయిన గ్రంథములో స్టాకర్, పార్కర్ అనువారు ఈ అవకతవక పనిని ఎగతాళి చేసిరి. మిగిలిన వానిని తరువాతి కాలమున శ్రీమంతులు ఆదరించిరి. 20వ శతాబ్దిలో పారిస్ నగరపు దుస్తుల రూపశిల్పి కోకో షానెల్ వీనిని విశేషముగా సేకరించి, తన నివాసములో గోడలకు, తలుపులకు మరుగుగా నిలిపియుంచెను. వస్తువును కోసి అలంకారముగా మార్చినవారికి కొన్ని పలకలు మిగిలినవి. నిలిపి వాడుకొన్నవారికి తెర మిగిలినది.

మరి ఆ కాలమున మన తీరము నిజముగా తయారుచేసిన తెర యేది? అది గుడ్డ తెర. మచిలీపట్టణము, గోలకొండ ప్రాంతములలో కలముతో వ్రాసి, మరుగులలో ముంచి, కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందులతో రంగులు తేల్చిన కలంకారీ వస్త్రములు గుడారపు కనాతులుగా, గోడతెరలుగా, ద్వారపు పరదాలుగా దేశదేశములకు పోయినవి. 17వ శతాబ్ది పూర్వార్ధమున మన తీరమున వ్రాయబడిన పెద్ద కలంకారీ తెర యొకటి అమెరికాలోని బ్రుక్లిన్ వస్తుప్రదర్శనశాలలో ఏడు పలకలుగా ఉన్నది. ఆ సంస్థ దానిని 1914లో సంపాదించెను. అందు ఆనాటి భారతీయులతో పాటు ఐరోపావారిని, ఇతర దేశీయులను వారి వారి వేషములతో చిత్రించిరి. చైనా తెర మన పేరుతో లోకమున తిరుగుచుండగా, మన తెర 'గుడ్డ' అను సామాన్యనామముతో వెళ్ళిపోయినది. కర్ర తెరకు దక్కిన గౌరవము గుడ్డ తెరకు దక్కలేదు. కాని ఉపయోగములో గుడ్డ తెర ఏమాత్రము తీసిపోదు. పైగా అది తేలిక, ఉతుకుటకు వీలు, చినిగినచో కుట్టుకొనవచ్చును. నేటి ప్రసంగములో ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే.

మన ఆచారములలోను, కళలలోను తెర ఎప్పుడును గుడ్డయే. పెండ్లిలో జీలకఱ్ఱ బెల్లము పెట్టు ముహూర్తము వరకు వధూవరుల నడుమ అడ్డుతెర పట్టుదురు. కూచిపూడివారి భామాకలాపములో సత్యభామ తెరమీదుగా తన జడను ముందు చూపి, పిమ్మట ప్రవేశించును. తోలుబొమ్మలాటకు తెల్లని తెర లేనిదే ఆటయే లేదు. ఈ మూడింటిని చూచినచో తెరకును గోడకును గల భేదము తెలియును. గోడ శాశ్వతముగా వేరుచేయును. తెర కొంతసేపు వేరుచేసి, సమయము వచ్చినప్పుడు తొలగిపోవును. తెరకు ఈవలివారు ఆవలివారి మాట వినగలరు, కావలసినప్పుడు పలకరింపగలరు. కలిసి బ్రదుకవలసినవారికి, నడుమ నడుమ ఒంటరితనము కావలసియున్నప్పుడు, గోడకంటె తెరయే తగినది.

ఈ అవసరము నేటి పారిశ్రామిక ప్రాంతములో ఏ రూపమున కనబడుచున్నదో చూతము. రుద్రారములో గణేశ్ గడ్డ దేవాలయము, గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణము, చుట్టును ఫ్యాక్టరీలు కలవు. అటునుండి పటాన్‌చెరువు వరకును, ఇటు సంగారెడ్డి వరకును పని వెదకుకొని వచ్చినవారు అనేకులు అద్దెగదులలో ఉందురు. ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు నడచినచో ఇంటిలోని కాలము కూడ మూడు ముక్కలగును. భర్త రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారి వచ్చి పడుకొనవలెను. అదే గదిలో భార్య వంటప్రయత్నము చేసికొనవలెను. సెలవుదినమున పిల్లవాడు పరీక్షకు చదువుకొనవలెను. పగటి వెలుతురు ముఖముమీద పడుచుండగా ఎంత అలసినవానికైనను గాఢనిద్ర పట్టుట కష్టము. నిద్ర చాలని మనిషి మరల రాత్రి యంత్రము ముందు నిలువబడినచో ప్రమాదము అతనికి మాత్రమే కాదు. గోడ కట్టించుటకు ఇల్లు తమది కాదు. కట్టించినను ఉన్న ఒక్క గదియు ఇరుకగును. అట్టిచోట ఒక మడతతెర వెలుతురును ఆపి, పగలు పడుకొనువానికి కొంత రాత్రిని కల్పింపగలదు. చదువుకొను ఆడపిల్లకు, బాలింతకు, బట్టలు మార్చుకొనవలసినవారికి, వ్యాధిగ్రస్తులైన వృద్ధులకు అది గౌరవమును కాపాడు సాధనము.

మడతతెర ధనికుల అలంకారమని తలచువారు ఒకసారి చుట్టును చూడవలెను. ఆసుపత్రి వార్డులో వైద్యుడు పరీక్షించునప్పుడు మంచము ప్రక్కకు దొర్లించుకొనివచ్చు మూడురెక్కల ఇనుపచట్రపు తెర మడతతెరయే. పోలింగు కేంద్రములో ఓటింగు యంత్రమునకు మూడువైపులను అడ్డుగా నిలుపు అట్ట మడతతెరకు చిన్న తమ్ముడు. పౌరుని రహస్యమును కాపాడుచున్నది అదియే. వెల్డింగు జరుగుచోట చుట్టుప్రక్కల పనివారి కన్నులకు ఆ తీక్ష్ణకాంతి సోకకుండ నిలుపు అడ్డుతెర కూడ ఈ వంశములోనిదే. రోగికి మర్యాద, ఓటరుకు స్వేచ్ఛ, పనివానికి కంటిచూపు కాపాడు వస్తువును ఇంటిలోనికి మాత్రము రానీయకుండుట ఏల?

తెర నిలువబడుటలోని కిటుకు దాని మడతలో ఉన్నది. పలకలన్నింటిని తిన్నగా చాచినచో ఏ తెరయైనను పడిపోవును. లెక్క చూతము. ఒక్కొక్కటి 18 అంగుళముల వెడల్పు గల నాలుగు రెక్కల తెర పూర్తిగా చాచినచో 72 అంగుళములు. కాని దానికి ముందు వెనుకల పీఠము ఏమియు లేదు. రెక్కల నడుమ కోణము 150 డిగ్రీలు ఉంచినచో పొడవు 69 అంగుళములకు పైగా వచ్చును. పీఠపు లోతు నాలుగున్నర అంగుళములకు కొంచెము మించును. పసివాడు తగిలినను పడును. కోణము 120 డిగ్రీలు చేసినచో పొడవు 62 అంగుళములు, లోతు 9 అంగుళములు. 90 డిగ్రీలు చేసినచో పొడవు 51 అంగుళములు, లోతు 12 అంగుళములకు పైన. కావున మూయవలసిన చోటు 5 అడుగులైనచో 6 అడుగుల తెర తీసికొని, మడతలను 120 డిగ్రీలకు మించి విప్పరాదు. చోటు కొలిచి అంతకు సరిగా అంతే తెర కొనువారు తరువాత చింతించుట ఈ లెక్క తెలియకపోవుట వలననే.

ఇక పాత తెరలను కొనదలచినవారికి కొన్ని మాటలు. వ్యాపారుల వాడుకలో నూరేండ్లు దాటినదానిని పురాతనవస్తువందురు. అంతకు లోపల, ఒక తరము వెనుకటి పనితనము తెలుపు వస్తువును వింటేజ్ అని వ్యవహరింతురు. మన దేశమున 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లకు తక్కువకాని చేతిపని వస్తువు పురావస్తువగును. వ్యక్తులు దానిని విదేశములకు ఎగుమతి చేయరాదు. అట్టి వస్తువుల వ్యాపారము చేయువారు లైసెన్సు పొందియుండవలెను. కనుక నిజముగా పురాతనమని చెప్పి అమ్మువానిని ఆ పత్రము చూపుమని అడుగుట తప్పుకాదు. ఏనుగుదంతపు పొదుగు గల వస్తువు కనబడినచో దూరముగా ఉండుట మేలు. దంతపు వ్యాపారము చట్టవిరుద్ధము.

వస్తువు వయస్సును అది స్వయముగా చెప్పును. ముందుగా వెనుకవైపు చూడవలెను. ముఖమునకు మెరుగుపెట్టినవాడు వీపునకు శ్రద్ధగా మెరుగుపెట్టడు. రెక్కల అడుగుభాగమున నేలరాపిడికి అంచులు అరిగి, ఎగుడుదిగుడుగా ఉండవలెను. పదునుగా ఒకే తీరున ఉన్నచో అనుమానింపవలెను. కీళ్ళ మరలను పరిశీలింపవలెను. చేతితో చేసిన పాతమర తలమీది గాడి నడుమకు సరిగా ఉండదు. కీలు ప్రక్కన మరియొక పాతకీలు గాడి, పూడ్చిన బెజ్జములు కనబడినచో అది మరమ్మతు పొందినదని తెలియును. మరమ్మతు దోషము కాదు, దాచుట దోషము. లోపల ప్లైవుడ్ కనబడినచో ఆ భాగము అంత పాతది కాకపోవచ్చును. ఉత్తరప్రదేశములోని సహారన్‌పూరులో శీషము కర్రతో చెక్కిన జాలీతెరలు నేటికిని విరివిగా తయారగుచున్నవి. అవి చక్కని వస్తువులే; క్రొత్తవానికి క్రొత్తధర ఇచ్చి కొనుటలో తప్పులేదు. ముదురురంగు పూసినంతమాత్రమున అవి ముసలివి కావు. సన్నని బెజ్జములు, వానిక్రింద తాజా పిండి కనబడినచో కర్రపురుగు ఇంకను బ్రతికియున్నదని అర్థము. అట్టిదానిని మందుపెట్టించక ఇంటిలోనికి తేరాదు.

లక్కపూత గల తెర దొరికినచో మరింత జాగ్రత్త వలెను. చైనా, జపానుల లక్క మన లక్కవంటిది కాదు. మనది లక్కపురుగు స్రవించునది. ఏటికొప్పాక బొమ్మలమీద కరగి మెరయునది అదియే. వారిది ఒక చెట్టుపాలు. అది ఎండకు ఆరదు, తేమగాలిలోనే గట్టిపడును. గట్టిపడిన తరువాత నీటిని తట్టును గాని, ఎండను తట్టజాలదు. ఎండలో మెరుగు పోయి, పగుళ్ళు తీయును. కావున కిటికీకి ఎదురుగా, ఏ.సీ. గాలి నేరుగా తగులు చోట దానిని నిలుపరాదు. తుడుచుటకు మెత్తని పొడిగుడ్డ చాలును. వార్నిష్ పూయించి క్రొత్తదిగా చేయింపబోవుట దానిని చంపుటయే. ఇట్టి పనితనమును కన్నులార చూడగోరువారు హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియమునకు పోవచ్చును. మూడవ సాలార్ జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో అది 1951లో ప్రారంభమైనది. మూసీ ఒడ్డునగల నేటి భవనమునకు 1968లో మారినది. చైనా, జపాను దేశముల లక్కపని, కర్రపని, పొదుగుపని అచ్చట చూచి కన్నునకు అలవాటు చేసికొన్నవానిని అంగడిలో మోసగించుట సులభము కాదు.

పాతతెర కొనలేనివారు చిన్నబుచ్చుకొనవలసిన పనిలేదు. మన తీరపు గుడ్డతెరను నేటి గదికి తగినట్లు వడ్రంగిచేత చేయించుకొనవచ్చును. ఒకటిన్నర అంగుళము వెడల్పు, ఒక అంగుళము మందము గల కర్రతో, 6 అడుగుల ఎత్తు, 18 అంగుళముల వెడల్పు గల నాలుగు చట్రములు కావలెను. మూలలను మేకులతో కాక కుసి, బెజ్జములతో కలుపవలెను. మేకులు కొంతకాలమునకు వదులై చట్రము మూలకు వాలును. అడుగున నాలుగంగుళముల కాళ్ళు విడిచినచో ఊడ్చుటకు, గాలి పారుటకు వీలగును. 45 అంగుళముల పన్నా గల గుడ్డ 4 మీటర్లు తీసికొని, రెండు ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్కదానిని నిలువున రెండుగా చీల్చినచో నాలుగు రెక్కలకు సరిపోవును. పైన క్రింద గొట్టమువలె మడిచి కుట్టి, సన్నని కడ్డీలు దూర్చి చట్రములకు తగిలింపవలెను; అప్పుడు ఉతుకుటకు సులభముగా ఊడివచ్చును. పెడన, మచిలీపట్టణముల అచ్చుకలంకారీయైనను, పోచంపల్లి చిటికీ గుడ్డయైనను, నారాయణపేట నేతయైనను, సాదా ఖద్దరైనను తగును. పగటినిద్రకు ఉద్దేశించిన తెరకు లోపలివైపు ముదురురంగు మందపుగుడ్డ మరియొక పొర వేయవలెను. లేనిచో వెలుతురు చొచ్చుకొనివచ్చును.

కీళ్ళకు సాధారణపు ఇత్తడి మడతబందులు వాడదలచినచో, మొదటి జతకు ముందువైపు, రెండవ జతకు వెనుకవైపు, మూడవ జతకు మరల ముందువైపు బిగించవలెను. అప్పుడే తెర విసనకఱ్ఱవలె మడతపడును. ఇంతకంటె చౌకయైనది, మనకు చిరపరిచితమైనది నవారు కీలు. మంచమునకు అల్లు నవారు పట్టీని మొదటి రెక్క ముందునుండి సందుగుండ రెండవ రెక్క వెనుకకును, దాని క్రింది పట్టీని వెనుకనుండి ముందునకును దాటించి చిన్నమేకులతో బిగించినచో, రెక్క రెండువైపులకును తిరుగును. జపానువారి కాగితపు కీలు సూత్రమే ఇది. 1946లో అమెరికాలో ఈమ్స్ దంపతులు రూపొందించిన ప్రసిద్ధమైన ప్లైవుడ్ తెరకు సైతము గుడ్డ కీళ్ళే అమర్చిరి. మన పల్లెటూరి మంచపు నవారు ఎంతటివారి సరసనైనను నిలువదగినదే.

తెరను నిలుపునప్పుడు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. పొయ్యికి, గ్యాసుబండకు చేరువలో గుడ్డతెర ఉంచరాదు. బయటికిపోవు ద్వారమునకు అడ్డము రారాదు. రాత్రివేళ ఆపద వచ్చినప్పుడు తెర త్రోవను మూయరాదు. పసిపిల్లలు గల యింట, గోడవైపు రెక్కను ఒక కొక్కెముతో గోడకు తగిలించుట క్షేమము. తెర ఎత్తు 6 అడుగులకు మించనిచో పైకప్పునకు బిగించిన ఫ్యాను గాలి రెండువైపులకును చేరును. తెర వెలుతురును ఆపును గాని శబ్దమును అంతగా ఆపజాలదు. ఆ కొరతను ఇంటిలోనివారు మెల్లగా మాటలాడి తీర్పవలసినదే. తెరకు ఆవల ఒకరు నిద్రించుచున్నారని ఈవలివారికి గుర్తుచేయుట కూడ అది చేయు పనియే.

ఆ తెర మూడువందల ఏండ్లనాటి చైనా లక్కదైనను, మొన్న చేయించిన నవారు కీళ్ళదైనను, చేయు ఉపకారమొక్కటే. దొరికిన పాతదానిని కోయక, పూయక కాపాడుకొనుడు. దొరకనిచో రేపటి ఆదివారము గదిలో పడక తలవైపు వెడల్పు కొలిచి, అందులో అయిదవవంతు చేర్చి, ఆ కొలతను వడ్రంగి చేతికి ఇండు. వచ్చేవారపు రాత్రిషిఫ్టు ముగించుకొని వచ్చువానికి చీకటి సిద్ధముగా ఉండును.